పదహారు మందికి ఒకే పలక

నవంబర్ 18, సోమవారం

పదకొండు గంటల లెక్క నలభై నిమిషాల్లో పూర్తయింది. పొద్దున తొమ్మిదిన్నరకు మొదలుపెట్టి, పదిన్నరకల్లా కాగితాలు మా ఆఫీసు యజమాని ధనసుఖ్ భాయ్ బల్ల మీద పెట్టాను. ఆయన కాగితాల వైపు, గోడ గడియారం వైపు మార్చి మార్చి చూసి, "ప్రసన్నా బెన్, ఇది నిన్న మొదలుపెట్టిందా?" అని అడిగారు. ఇవాళే అన్నాను. మధ్యాహ్నానికి ఘారీ మిఠాయిల పెట్టె వచ్చింది. ఆఫీసులో ఉన్న తొమ్మిది మందికీ తలా ఒకటి, నాకు రెండు. రెండోది మా ఆయన సురేశ్ కోసం కాగితంలో చుట్టి తెచ్చాను. ఇల్లు చేరేలోపు నెయ్యి కారి సంచికి అంటింది. పోనీ, సంచి ఉతుక్కోవచ్చు.

ఇది సూరత్ దగ్గరి కిమ్‌లో కడుతున్న మగ్గాల షెడ్డు రిపోర్టు. మూడంతస్తులు, అంతస్తుకు ముప్పై రెండు చొప్పున తొంభై ఆరు మరమగ్గాలు. ఒక్కొక్కటి నిమిషానికి నూట అరవై దెబ్బలు కొడుతుంది. ఆ దెబ్బలు కలిసినప్పుడు పై అంతస్తు అటూ ఇటూ ఎంత ఊగుతుందో చెప్పాలి. ఏ మగ్గం దెబ్బ ఏ మగ్గం దెబ్బతో కలుస్తుందో ముందే తెలియదు కాబట్టి వేల రకాలుగా కలిపి చూడాలి. ఇన్నాళ్ళూ మా ప్రోగ్రాం వాటిని ఒకదాని తర్వాత ఒకటి చేసేది. నేను ప్రోగ్రామును మెషిన్ భాషలోకి మార్చే కొత్త కంపైలర్ పెట్టి, ఒకే పనిని పదే పదే చేయించే ఒక లూప్ రాసి, ఆ పనిని కంప్యూటర్‌లోని విడివిడిగా లెక్కచేసే పదహారు కోర్లకూ పంచాను.

రెండు మిల్లీమీటర్లు దాటకూడదని ఆఫీసు నియమం. 1.6 వచ్చింది.

తనిఖీ చేసినవారి గడిలో నరహరి సార్ సంతకం కావాలి. ముప్పై ఒక్క ఏళ్ళుగా ఆ గడి ఆయనదే. వచ్చే నెలాఖరుకు రిటైరవుతున్నారు. కాగితం తీసుకుని కళ్ళద్దాల పైనుంచి చూశారు.

"పక్కానా బిడ్డా?"

"పక్కా సార్."

పెట్టేశారు.

నవంబర్ 20, బుధవారం

షెడ్డు యజమాని పేరులో ఒక అక్షరం తప్పు పడిందట. సేఠ్‌కు కోపం వచ్చిందని, మళ్ళీ ప్రింటు పంపమని ధనసుఖ్ భాయ్ చెప్పారు. పేరు మార్చి ప్రింటు తీస్తే సరిపోయేది. నలభై నిమిషాలే కదా అని ముచ్చటపడి మొత్తం లెక్క మళ్ళీ నడిపాను.

1.9 వచ్చింది.

కొలతలు అవే, మగ్గాలు అవే, ప్రోగ్రాం అదే. మళ్ళీ నడిపాను. 1.4.

మూడూ రెండులోపే ఉన్నాయి. పేరు సరిచేసి, పాత 1.6తోనే ప్రింటు తీసి పంపాను. ఇది చిన్న విషయం, రెండు రోజుల్లో తేలిపోతుంది. ఇప్పుడే ఎవరికీ చెప్పాల్సిన పనిలేదు.

సురేశ్ ఇవాళ మెంతికూర పప్పు చేశాడు. నేను చేసినదానికంటే బాగుంది. ఆ మాట అతనితో అనలేదు.

నవంబర్ 21

మేము వాడే లెక్కల లైబ్రరీ ప్రోగ్రాం వల్లే. నా లూప్ చూశాను, బాగానే ఉంది.

నవంబర్ 23, శనివారం

సురేశ్ మున్సిపల్ తెలుగు స్కూల్లో నాలుగో తరగతికి చెబుతాడు. ఇవాళ యూనిట్ టెస్టు పేపర్లు ఇంటికి తెచ్చాడు. వాకిట్లో చాప వేసుకుని దిద్దుతుంటే నేను పక్కన కూర్చుని ఉల్లిపాయలు ఒలుస్తున్నాను. మూడు రోజులుగా పరధ్యానంగా ఉన్నానని కనిపెట్టాడు.

"ఏందే, ఆఫీస్ల ఎవరన్న ఏమన్న అన్నరా?"

"లేదు. రెండు వస్తువులు కొట్లాడుకుంటున్నాయి."

"ఏ వస్తువులు?"

ఎలా చెప్పాలో ఆలోచించి, ఆ పేపర్ల కట్టనే చూపించాను. "ఇవి వెయ్యి ఉన్నాయనుకో. నువ్వు ఒక్కడివే దిద్దితే పదకొండు గంటలు. అందుకని కంపైలర్ పదహారు మంది టీచర్లను కూర్చోబెట్టి పంచుతుంది. బాగుందా?"

"మస్తున్నది. మా హెడ్మాస్టర్‌కు గూడ జర చెప్పు."

"ప్రతి పేపర్లో ఒక పెద్ద గుణకారం ఉంటుంది. దానికి మేము లెక్కల లైబ్రరీని వాడతాం. వేరేవాళ్ళు రాసింది, చాలా మంచిది. కానీ పిలిచిన ప్రతిసారీ ఆ గుణకారం తొందరగా చేయాలని అది కూడా తన పదహారు మందిని తెస్తుంది. పదహారు మంది టీచర్లు తలా ఒకసారి పిలిచారనుకో."

సురేశ్ మనసులో లెక్క వేసి తలెత్తాడు. "రెండు వందల యాభై ఆరు మంది. కూసునేందుకు జాగ ఏది?"

"అదే. పైగా టీచర్లను పిలిచిన హెడ్మాస్టర్ వేరు, లైబ్రరీ మనుషులను పిలిచిన హెడ్మాస్టర్ వేరు. ఒకరున్నారని ఒకరికి తెలియదు."

"మరి ఒక్క హెడ్మాస్టర్‌ను ఇంటికి పంపు."

అదే చేయాలి. సోమవారం చేస్తాను. పంచడం మానేసి పాత పద్ధతిలో ఒక్కరితోనే నడిపి సరైన జవాబు ఏదో చూడవచ్చు గానీ, దానికి పదకొండు గంటలు. ఆ మెషిన్ మీద వేరేవాళ్ళ పని కూడా ఉంది. అవసరం లేదు.

నవంబర్ 25, సోమవారం

రోజంతా దీనిమీదే కూర్చున్నాను. పరీక్షకు పాత ఫైల్లో ఉన్న ఒక చిన్న షెడ్డు తీసుకున్నాను. ఒకటే అంతస్తు, రెండు మగ్గాలు. జవాబు నరహరి సార్ ఎప్పుడో చేత్తో వేసి ఉంచారు, 0.73.

కంపైలర్ పంపకం ఉంచి, లైబ్రరీని ఒక్కరితోనే పని చేయమంటే 0.73. లైబ్రరీకి దాని మనుషుల్ని ఇచ్చి, కంపైలర్ పంపకం ఆపేస్తే 0.73. రెండూ కలిపి నడిపితే ఒకసారి 0.73, ఒకసారి 0.70, ఒకసారి ప్రోగ్రాం బిగుసుకుపోయి ఎంతకీ కదల్లేదు. ఎవరికి వారు మంచివాళ్ళే. ఒకే గదిలో పెడితేనే గొడవ.

మధ్యాహ్నం లైబ్రరీ సూచనల పుస్తకం మొదటినుంచి చదివాను. నూట నలభయ్యో పేజీలో చిన్న అక్షరాలతో ఉంది. ఆ లైబ్రరీ రెండు రకాల జోడింపులతో వస్తుంది. ఒకటి దాని సొంత మనుషులతో పనిచేసేది, ఇంకొకటి మా కంపైలర్ మనుషులతోనే పనిచేసేది. నేను మొదటిది జోడించాను. రెండోది జోడించి, లూప్ లోపల ఉన్నప్పుడు కొత్తవాళ్ళను పిలవవద్దని లైబ్రరీకి ఒక ఆజ్ఞ పెట్టాను. ఇప్పుడు ఒకే హెడ్మాస్టర్, పదహారు మందే టీచర్లు.

చిన్న షెడ్డును ఇరవై సార్లు నడిపాను. ఇరవై సార్లూ 0.73.

కుర్చీలోంచి లేచి బయటికొచ్చి, గేటు దగ్గర బండి మీద ఖమణ్ కొనుక్కుని నిలబడే తిన్నాను. పట్టలేనంత సంతోషం. కిమ్ షెడ్డును కూడా ఒకసారి నడిపాను. 1.6. ఇంకేం కావాలి? నా లూప్ మళ్ళీ చూశాను. బాగానే ఉంది.

నవంబర్ 26

ధనసుఖ్ భాయ్‌కు చెప్పాను, లైబ్రరీలో ఒక చిన్న ఇబ్బంది ఉండేది, పోయిందని. నరహరి సార్ అక్కడ లేరు.

నవంబర్ 28, గురువారం

మధ్యాహ్నం భోజనం డబ్బా కడుక్కుని వస్తుంటే నరహరి సార్ పిలిచారు. ఆయన బల్ల మీద కంప్యూటర్ ఉంటుంది గానీ, దానిమీద ఎప్పుడూ తువాలు కప్పి ఉంటుంది. పక్కన పెన్సిలుతో నింపిన రెండు కాగితాలు.

"కూసో బిడ్డా. రిటైరైతున్న గద, చేతులు ఊకె ఉంటలేవు. ఆ కిమ్ షెడ్డును జర మోటుగ వేసి చూసిన. మూడంతస్తులను మూడు బరువులు అనుకొని, స్తంభాలను స్ప్రింగులు అనుకొని."

"ఎంత వచ్చింది సార్?"

"మూడు పైన. మోటు లెక్కనే, తప్పు ఉండొచ్చు. కని ఒకటిన్నరకు ఎట్ల దిగుతదో నాకు సమజైతలేదు. ఆ బిల్డింగు సొంతంగ ఊగేదే నిమిషానికి నూట యాభై చిల్లర. మగ్గాల సాంచలు కొట్టేది నూట అరవై. గంత దగ్గర ఉన్నప్పుడు పై అంతస్తు గింత తక్కువ ఊగదు."

మోటు లెక్కలో మెట్ల గది గోడల బలం రాదు కదా సార్ అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది. ఆయన తల ఊపారు. "అవు, అదొకటున్నది," అని కాగితాలు మడిచి సొరుగులో పెట్టారు. ఆయన వాదించి ఉంటే బాగుండేది.

నవంబర్ 29

కిమ్ షెడ్డు మూడుసార్లు నడిపాను. 1.6, 1.6, 1.7.

సురేశ్ మీద ఉప్పు విషయంలో అరిచాను. ఉప్పు సరిగ్గానే ఉంది.

నవంబర్ 30, శనివారం

ఆఫీసు మూసే ముందు, కంపైలర్ పంపకం మొత్తం ఆపేసి, పాత పద్ధతిలో ఒక్కరితోనే నడిచేలా పెట్టి వచ్చాను. సోమవారం దాకా ఆ మెషిన్ ఎవరికీ అక్కర్లేదు. అసలు ఎప్పుడూ అంతగా అక్కర్లేదు.

డిసెంబర్ 1, ఆదివారం

పొద్దున సురేశ్ స్కూటర్ మీద దింపాడు. తాళం నేనే తీశాను. సురేశ్ బయట గట్టు మీద కూర్చుని పేపరు చదువుకుంటానన్నాడు.

4.2.

రాత్రంతా ఒక్కరితోనే నడిచిన లెక్క జవాబు అది. తర్వాత నా లూప్ తెరిచాను. నవంబర్ 21న చూశానని ఈ డైరీలో రాశాను. 25న మళ్ళీ చూశానని రాశాను. చూడలేదు. ఫైలు తెరిచాను, కళ్ళు పై నుంచి కిందికి జారాయి, మూసేశాను. దాన్ని చూడడం అనరు.

ఇవాళ ఒక్కో వరుసా వేలు పెట్టి చదివాను. పదకొండో వరుస దగ్గర వేలు ఆగిపోయింది.

ప్రతి టీచరుకూ చిల్లర లెక్కలు వేసుకోవడానికి ఒక పలక కావాలి. మగ్గాల దెబ్బల బలాన్ని దానిమీద కూడుకుంటారు. ప్రతి లెక్కకూ ముందు పలక తుడిచే వరుస కింద ఉంది, అయినా శుభ్రంగా ఉంటుందని పలకను ప్రకటించిన వరుసలోనే ఇంకో సున్నా పెట్టాను. మేము ప్రోగ్రాం రాసే ఫోర్ట్రాన్ భాషలో పుట్టినచోటే విలువ ఇస్తే అది ఒక్కటే అవుతుంది. ఎంతమంది అడిగినా అందరి చేతికీ అదే వస్తుంది. పదహారు మందికి పదహారు పలకలు ఇచ్చాననుకున్నాను. ఇచ్చింది ఒకటే. ఒకరు రాస్తుంటే ఇంకొకరు తుడిచేశారు. కూడాల్సిన దెబ్బలు పోయి, ఊపు తక్కువగా తేలింది. చిన్న షెడ్డులో కలిపి చూడాల్సినవి నాలుగు రకాలే కాబట్టి ఒకరి చేయి ఒకరికి తగల్లేదు. అందుకే ఇరవై సార్లూ 0.73.

ఈ నియమం నాకు కాలేజీలో రెండో సంవత్సరం నుంచీ తెలుసు. దీనిమీద పరీక్షలో ప్రశ్న కూడా రాశాను.

లైబ్రరీ గొడవ అబద్ధం కాదు. అది నిజంగా ఉంది, దాన్ని నిజంగా సరిచేశాను. అదొకటి దొరికింది కాబట్టే రెండోది వెతకలేదు.

ప్రకటించిన వరుసలోని సున్నాను తీసేశాను. ఇంతే మార్పు. నలభై మూడు నిమిషాలు ఎదురుచూశాను. 4.2. ఇంకోసారి. 4.2.

బయటికి వచ్చేసరికి పన్నెండు దాటింది. సురేశ్ గట్టు మీదే ఉన్నాడు. నా ముఖం చూసి స్కూటర్ స్టార్ట్ చేశాడు. తాపీ వంతెన దగ్గర ఆపి చెరకు రసం ఇప్పించాడు. అక్కడ చెప్పాను. గ్లాసులో మంచు కరిగే దాకా విన్నాడు.

"రేపు చెప్తవు గద?"

"చెప్తాను."

"అయితే తాగు."

డిసెంబర్ 2, సోమవారం

ముందు నరహరి సార్‌కు. ఆయన కుర్చీలో కూర్చోకముందే చెప్పడం మొదలుపెట్టాను, కూర్చుంటే చెప్పలేనేమోనని. మొత్తం విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఎన్నడు తెలిసింది?"

"నిన్న సార్."

"తప్పు దొరికింది నిన్న. అంకెలు మారుతున్నయని ఎన్నడు తెలిసింది?"

"ఇరవైన."

"పన్నెండు దినాలు." కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నారు. "చూడు బిడ్డా. తప్పు అందరికి వస్తది. నా చేతుల ఎన్ని తప్పులు పోయినయో నాకే తెలుసు. కని ఆ అంకె కింద నా దస్కత్ ఉన్నది. నీకు అనుమానమున్నది, నాకు లేదు. నువ్వు ఇటే నా ముందలికెళ్ళి పోతున్నవ్, వస్తున్నవ్, నమస్తే సార్ అంటున్నవ్. గదే నాకు మంచిగ అనిపిస్తలేదు."

నేను తల దించుకున్నాను. ఏడవకూడదని గట్టిగా అనుకున్నాను గానీ రెండు చుక్కలు ఆయన పెన్సిలు కాగితం మీద పడ్డాయి. ఆయన ఆ కాగితాన్ని పక్కకు జరిపారు.

"ఇగ పా. ధనసుఖ్ భాయ్ తానకు పోదాం. నేను గూడ వస్త."

ధనసుఖ్ భాయ్ ముందు అరిచారు. అది సహజమే. తర్వాత తలుపు వేసి, గొంతు తగ్గించి, "లైబ్రరీ కా ప్రాబ్లం థా, ఐసా లిఖ్ దో" అన్నారు. లైబ్రరీ తప్పు అని రాసేస్తే ఆఫీసు పేరు నిలబడుతుందని ఆయన ఆలోచన. మొన్న నేనే కదా ఆయనకు ఆ మాట ఇచ్చాను. లైబ్రరీ సంగతి సరిచేశాక కూడా అంకె తప్పే వచ్చింది, తప్పు నేను రాసిన వరుసలో ఉంది, అలాగే రాస్తాను అన్నాను. ఆయన నరహరి సార్ వైపు చూశారు. సార్ కిటికీ వైపు చూశారు.

చివరికి ఫోన్ తీసి మా ముందే సేఠ్‌కు చేశారు. గుజరాతీలో సగమే నాకు అందింది. అందిన సగంలో "అమారీ భూల్" అనే మాట రెండుసార్లు వినిపించింది. మా తప్పు అని ఆయనే ఒప్పుకున్నారు. సేఠ్ చెప్పిన ప్రకారం స్తంభాలు లేచాయి, అంతస్తులు పోశారు, గోడలు ఇంకా కట్టలేదు. మగ్గాలు ఇరవయ్యో తారీఖున దిగుతాయి. రేపు వచ్చి చూడమన్నారు.

ఇవాళ హాయిగా నిద్ర వచ్చేట్టుంది. ఎనిమిదిన్నరకే ఆవలింతలు.

డిసెంబర్ 3, మంగళవారం

సార్, నేను కిమ్ వెళ్ళాం. లోకల్ రైల్లో గంట కూడా పట్టలేదు. సార్ దారంతా బటాణీలు తింటూ, నాకూ పెట్టారు. నిన్నటి సంగతి ఎత్తలేదు.

షెడ్డు కాగితం మీద కంటే పెద్దది. మేస్త్రీల మధ్య ఖాకీ చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన ఎడంగా కాళ్ళు పెట్టి నడుస్తూ, మగ్గాలు ఎక్కడ దించాలో సుద్దతో గీతలు గీస్తున్నాడు. మేము తెలుగులో మాట్లాడుకోవడం విని దగ్గరికి వచ్చాడు. పేరు మొండయ్య. జగిత్యాల దగ్గరి పల్లె. సూరత్ వచ్చి ముప్పై ఎనిమిదేళ్ళు. మగ్గాల మెకానిక్. కొత్త షెడ్డులో మగ్గాలన్నీ బిగించే బాధ్యత ఆయనదే.

"ఏంది సారూ, ఏమన్న లోపమున్నదా?"

సార్ నా వైపు చూశారు, నువ్వే చెప్పమన్నట్టు. పై అంతస్తు ఎక్కువ ఊగుతుంది, స్తంభాల మధ్య ఏటవాలుగా ఇనుప దూలాలు వెయ్యాలి, ముందు వేసిన లెక్కలో నేను తప్పు చేశాను అని చెప్పాను. ఆయనకు ఆశ్చర్యం కలగలేదు.

"ఊగుడు మాకు కొత్త గాదు బిడ్డా. లింబాయత్‌ల నేను చేసిన కార్ఖానల పై అంతస్తు ఎక్కితే చాయ్ గిలాస తనంతట తనే బల్ల చివరికి పోతుండె. నా కాళ్ళు సూడు, గిట్ల ఎడం పెట్టి నడుసుడు అక్కడ పడ్డ అలవాటే. మా ఇంటామె చిన్నవ్వ అంటది, నువ్వు ఇంట్ల గూడ పడవల నడిసినట్టు నడుస్తవని."

నేను సూరత్‌లోని ఆ లింబాయత్‌లోనే పుట్టానని, మా గది పైనే మగ్గాలుండేవని చెప్పాను. అమ్మ నన్ను నిద్రపుచ్చనక్కర్లేకపోయేదట, పైన మగ్గాలు నడిస్తే చాలు. ఆదివారం మగ్గాలు ఆగితే లేచి ఏడ్చేదాన్నట. మొండయ్య పగలబడి నవ్వాడు. నవ్వి, వెంటనే అడిగాడు.

"మరి గిది ఎంత ఊగుతది? నిజం చెప్పు. పైన పనిచేసేటోళ్ళు నలభై మంది ఉంటరు."

"ఇలాగే వదిలేస్తే నాలుగు మిల్లీమీటర్లు. రోజుకు లక్షసార్లకు మించి. ఏడాదిలో గోడలు పగుళ్ళు ఇస్తాయి. తర్వాత సంగతి చెప్పలేను."

"దూలాలు ఏస్తే?"

"రెండులోపు. లెక్క వేసి చెప్తాను."

"ఈసారి మంచిగ ఎయ్యి," అన్నాడు. వెటకారంగా అనలేదు.

సార్, నేను సుద్దతో స్తంభాల మీద గుర్తులు పెట్టుకుంటూ తిరిగాం. సేఠ్ మేనేజర్ ఒక చోట అడ్డుపడ్డాడు. అక్కడ దూలం వేస్తే బట్ట తానులు దించే ద్వారం మూసుకుపోతుందట. నిజమే. దాన్ని తుడిచి, వెనక వైపు రెండు చోట్ల పెట్టాం. లెక్క మారుతుంది. మారనీ.

డిసెంబర్ 6, శుక్రవారం

దూలాలతో మొదటి లెక్క 2.3. పనికిరాదు. ఇంకో జత పెంచాం. 1.5. భవనం సొంత ఊపు నిమిషానికి రెండు వందల ముప్పై దాటింది. మగ్గాల దెబ్బకు అందదు.

ప్రోగ్రామును యాభై సార్లు నడిచేలా పెట్టాను. రెండు రోజులు పట్టింది. యాభై సార్లూ 1.5. ఆ పైన పాత పద్ధతిలో, ఒక్కరితో, పదకొండు గంటలు. 1.5. నరహరి సార్ పెన్సిలుతో. 1.8. "మోటు లెక్కకు గది చాలు," అన్నారు.

డిసెంబర్ 8, ఆదివారం

పోంక్ సీజన్ మొదలైంది. సురేశ్, నేను నది ఒడ్డున బండ్ల దగ్గరికి వెళ్ళి పచ్చజొన్న పోంక్, నిమ్మకాయ సేవు, మిరియాల సేవు కలుపుకుని తిన్నాం. పోంక్ వడలు కూడా. సురేశ్ నాలుగు తిని, ఐదోది నేను తింటుంటే ఆశగా చూశాడు. సగం ఇచ్చాను. అతని మెంతికూర పప్పు నాదానికంటే బాగుంటుందని ఇవాళ చెప్పేశాను. "నాకు తెలుసు," అన్నాడు.

డిసెంబర్ 11, బుధవారం

సవరించిన రిపోర్టు వెళ్ళింది. దానితో పాటు ఉత్తరం. మూడుసార్లు రాసి, మూడుసార్లు కొట్టేశాను. చివరికి ఉన్నది ఇంతే. మొదటి రిపోర్టులోని అంకె తప్పు. లెక్కను వేగం చేయడానికి రాసిన భాగంలో రాసినవారి పొరపాటు వల్ల ఆ తప్పు వచ్చింది. రాసినది కింద సంతకం చేసిన ప్రసన్న. కంపైలర్‌కూ లైబ్రరీకీ మధ్య ఉన్న చిక్కు వేరే సంగతి, దాన్ని కూడా సరిచేశాం. తప్పు బయటపడింది నరహరి గారు చేత్తో వేసిన లెక్క వల్ల.

చివరి వాక్యం కొట్టేయమని సార్ అన్నారు. ఉత్తరం నాది కదా సార్ అన్నాను.

వేగం చేశాక ఇంకేవైనా రిపోర్టులు పోయాయేమో అని ధనసుఖ్ భాయ్ అడిగారు. ఒక్కటి పోయింది, నీళ్ళ ట్యాంకు స్టాండుది. మళ్ళీ నడిపి చూశాను. దాని అంకె మారలేదు. ఆ రిపోర్టు వెనకాల కూడా చీటీ రాసి పెట్టాను, మళ్ళీ చూశామని.

డిసెంబర్ 19

దూలాల వెల్డింగ్ అయిపోయిందని మొండయ్య ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో అడగలేదు.

డిసెంబర్ 28, శనివారం

మగ్గాలన్నీ ఒకేసారి నడిపి చూసే రోజు ఇవాళ. సార్, నేను పొద్దున రైలుకే వెళ్ళాం. కాలేజీ నుంచి ఊపు కొలిచే చిన్న మీటరు ఒకటి అడిగి తెచ్చాను. సార్ రైల్లో దాన్ని ఒళ్ళో పెట్టుకుని తిప్పి తిప్పి చూశారు.

"ముప్పై ఒక్క ఏండ్లు బిడ్డా. వెయ్యి కాగితాల మీద దస్కత్ పెట్టినగాని, కట్టినంక పోయి ఒక్కదాన్ని గూడ కొలువలేదు. కాగితం పోయిందంటే పని అయిపోయిందనుకునేటోన్ని."

"నేనూ అంతే కదా సార్."

"నువ్వింక చిన్నదానివి."

పై అంతస్తులో నేల మధ్య మీటరు పెట్టాను. మొండయ్య మెట్ల దగ్గర నిలబడి కింది అంతస్తుకు కేక వేశాడు. ముప్పై రెండు మొదలయ్యాయి. తర్వాత నడుమ అంతస్తు. ఆఖరుకు పైన. చెవులు మూసుకుపోయేంత చప్పుడు. చిన్నప్పుడు గది పైకప్పులోంచి వచ్చినదే, కానీ ఇప్పుడు నేను దాని లోపల నిలబడి ఉన్నాను. పాదాల మీదే ధ్యాస పెట్టాను.

సన్నని వణుకు, అంతే. నేల కదల్లేదు.

మొండయ్య రెండు మగ్గాల మధ్య నడుస్తూ వచ్చి, మధ్యలో ఆగి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. ఎడంగా పెట్టిన కాళ్ళను దగ్గరికి జరిపి నిలబడ్డాడు. మళ్ళీ ఎడం పెట్టాడు. మళ్ళీ దగ్గరికి. నా చెవి దగ్గర అరిచాడు. "సాంచలన్ని నడుస్తున్నయి గద? ఏమన్న బంద్ ఉన్నయా?"

అన్నీ నడుస్తున్నాయి. మీటరు మీద అరగంట చూశాను. ఎక్కువలో ఎక్కువ 1.3.

మగ్గాలు ఆపించి కిందికి దిగాం. చెవుల్లో ఇంకా హోరు. సార్ సంచిలోంచి రిపోర్టుకు జతచేసే కొలతల పేజీ తీసి, కొలిచిన అంకె పెన్నుతో రాశారు. సంతకం చేయబోయి ఆగి, కాగితాన్ని నా వైపు తిప్పారు. తనిఖీ చేసినవారి గడి ఖాళీగా ఉంది.

"ధనసుఖ్ భాయ్‌తోటి మాట్లాడిన. ఒకటో తారీఖు నుంచి ఈ గడి నీది. నాలుగు దినాలు ముందు పెడితె ఏం గాదు. పెట్టు."

పెన్ను తీసుకున్నాను. నాకు ఆ క్షణం ఏం అనిపించిందో రాయాలని ఇప్పుడు కూర్చుంటే మాటలు రావడం లేదు. గర్వం కాదు. భయమూ కాదు. గడి చిన్నదిగా ఉంది, అందులో నా పేరు పడుతుందా అని చూశాను. పడుతుంది.

పెన్ను బల్ల మీద పెట్టేశాను.

"ఏమైంది?"

"ఇంకోసారి నడపాలి సార్."

మొండయ్య అప్పుడే చేతులు కడుక్కుని భోజనం డబ్బా విప్పుతున్నాడు. "మళ్ళానా? అన్ని సాంచలా?"

"అన్నీ. తిన్నాకే."

సార్ మొండయ్య పక్కన చాప మీద కూర్చుని, తన డబ్బా కూడా విప్పారు. చిన్నవ్వ పంపిన మిరపకాయ తొక్కు మా ఇద్దరికీ వేశాడు మొండయ్య. కళ్ళనీళ్ళు వచ్చేంత కారం. మళ్ళీ వేయించుకున్నాను.

రెండింటికి తొంభై ఆరూ మళ్ళీ నడిచాయి. 1.3.

సంతకం పెట్టాను.